ఆ తుపాకీ మీద ఎవరి వేలిముద్రలు ఉంటాయి?

శంకర్ తీసిన తమిళ చిత్రం ‘ముదల్వన్’ 1999 నవంబరు 7న, దీపావళి నాడు విడుదలైంది. అది ‘ఒకే ఒక్కడు’గా తెలుగులోకి వచ్చి మా ఊరి హాలుకు చేరేనాటికి నేను ఇంటర్మీడియట్ చదువుతున్నాను. ‘నెల్లూరి నెరజాణ’ పాట ఆ రోజుల్లో ఏ పెళ్లి పందిట్లో చూసినా మోగుతూ ఉండేది. ఆ పాట కోసమే అమ్మ పట్టుబట్టడంతో, సినిమాలంటే పెద్దగా ఆసక్తి లేని నాన్న కూడా మాతో వచ్చారు. నాన్న మేజిస్ట్రేటు కోర్టులో బెంచి క్లర్కు. పతాక సన్నివేశంలో అవినీతిపరుడైన మాజీ ముఖ్యమంత్రి తూటాలకు కూలిపోగానే హాలంతా లేచి నిలబడి ఈలలు వేసింది, వాళ్లలో నేనూ ఉన్నాను. ఆట వదిలాక సైకిలు స్టాండు దగ్గర టోకెను వెతుక్కుంటూ నాన్న నెమ్మదిగా, “ఆ తుపాకీ ఎవరి పేరు మీద ఉందిరా? దాని మీద ఎవరి వేలిముద్రలు ఉంటాయి?” అని అడిగారు. సినిమా చూసిన ఆనందాన్ని కోర్టు కాగితాలతో పాడుచేస్తున్నారని నాకు విసుగు వచ్చింది. ఇరవై ఏళ్లు పైబడ్డాక ఇప్పుడు ఆలోచిస్తే, ఆ చిత్రం ముగింపు గురించి అడగవలసిన మొట్టమొదటి ప్రశ్న అదేనని నాకు గట్టిగా అనిపిస్తోంది.

చిత్రం చూడనివారి కోసం కథను క్లుప్తంగా చెబుతాను. తమిళ మూలంలోని పేర్లనే వాడుతున్నాను. అర్జున్ పోషించిన పుగళేంది ఒక టీవీ ఛానెల్‌లో పనిచేసే యువకుడు. నగరం అల్లర్లతో అట్టుడుకుతున్న రోజున, ఓటు బ్యాంకు చెదిరిపోతుందన్న భయంతో ఎవరినీ అరెస్టు చేయవద్దని ముఖ్యమంత్రి అరంగనాథర్ పోలీసులకు ఇచ్చిన ఆదేశం అతని కెమెరాకు చిక్కుతుంది. రఘువరన్ నటించిన ఆ ముఖ్యమంత్రిని పుగళేంది ప్రత్యక్ష ప్రసారంలో ఇంటర్వ్యూ చేస్తాడు. ప్రశ్నలకు ఉక్కిరిబిక్కిరైన ముఖ్యమంత్రి, ఈ కుర్చీ బరువేమిటో ఒక్కరోజు కూర్చుంటే నీకే తెలుస్తుందని సవాలు విసురుతాడు. ఆ ఒక్కరోజు పాలన, ఆ రోజు చివర అరంగనాథర్ అరెస్టు, ఆ పైన ప్రజలు పట్టుబట్టి పుగళేందిని ఎన్నికల్లో గెలిపించడం, పగబట్టిన అరంగనాథర్ కుట్రలు, బాంబు పేలుడులో పుగళేంది తల్లిదండ్రుల మరణం వరుసగా వస్తాయి. చివరికి పుగళేంది అరంగనాథర్‌ను తన కార్యాలయానికి పిలిపిస్తాడు. తుపాకీ తీసి తన చేతిని తానే కాల్చుకుని, ఆ తుపాకీని ఎదుటివాడి చేతుల్లోకి విసిరేస్తాడు. చప్పుడు విని లోపలికి దూసుకొచ్చిన భద్రతా సిబ్బందికి గాయపడిన ముఖ్యమంత్రి, తుపాకీ పట్టుకున్న ప్రతిపక్షి కనిపిస్తారు. వాళ్లు చేయవలసిందే చేస్తారు.

ఆ తరువాత పుగళేంది తన కార్యదర్శి మాయాకృష్ణన్‌తో నిజం చెప్పి, చివరికి నన్నూ రాజకీయవాదిని చేసేశారే అన్న అర్థం వచ్చే మాట ఒకటి అంటాడు. పెళ్లికి ఒప్పుకోని కథానాయిక తండ్రి ఒప్పుకుంటాడు. రాష్ట్రం బాగుపడుతుంది. శుభం కార్డు పడుతుంది.

పుగళేంది హత్య చేయడం ఒక్కటే కాదు నన్ను బాధపెట్టేది. శంకర్ కథానాయకులు అంతకుముందూ చంపారు, ఆ తరువాతా చంపారు. పుగళేంది దొంగ సాక్ష్యాన్ని సృష్టించాడు. సాక్ష్యాన్ని నమ్ముకుని బతికిన మనిషి, సాక్ష్యం బలంతోనే ఒక ముఖ్యమంత్రిని కుర్చీలోంచి కదిలించిన మనిషి, చిట్టచివరకు ఒక అబద్ధపు సాక్ష్యాన్ని తన సొంత నెత్తుటితో తయారు చేశాడు. చిత్రం మొదటి సగమంతా ఏ విలువ మీద నిలబడిందో, ముగింపు సరిగ్గా దాన్నే కూల్చేసింది.

ఇంటర్వ్యూ సన్నివేశాన్ని మళ్లీ చూడండి. సుజాత రాసిన ఆ సంభాషణల్లో ఆవేశం కంటే లెక్క ఎక్కువగా కనిపిస్తుంది. ఆయన భారత్ ఎలక్ట్రానిక్స్‌లో ఇంజనీరుగా ఓటింగ్ యంత్రం రూపకల్పనలో పాలుపంచుకున్న రచయిత. అందుకే కాబోలు, ఆ ప్రశ్నలు యంత్రభాగాల్లా ఒకదానిలో ఒకటి బిగుసుకుంటూ వెళతాయి. పుగళేంది ముఖ్యమంత్రిని ఒక్క తిట్టు తిట్టడు. వివరాలు ముందు పెడతాడు, జవాబు అడుగుతాడు, జవాబు తప్పించుకుంటే మరో వివరం పెడతాడు, చివరికి దృశ్యం చూపిస్తాడు. రఘువరన్ ముఖంలోని చిరునవ్వు ఒక్కొక్క కండరమే సడలుతూ మాయమయ్యే తీరు, పెద్దవాళ్ల బండారం బయటపెట్టే సన్నివేశాలలో నేను చూసినంతలో సాటిలేనిది. అక్కడ అరంగనాథర్‌ను ఓడించినవి రెండే: రికార్డయిన నిజం, దాన్ని ఒకేసారి చూస్తున్న లక్షల కళ్లు.

ఒక్కరోజు పాలన కూడా అంతే. టైపు చేసేవాళ్లనూ ఫ్యాక్సు యంత్రాన్నీ వెంటేసుకుని, నడిరోడ్డు మీద సస్పెన్షన్ ఉత్తర్వులు కొట్టించి సంతకం పెట్టే ఆ సన్నివేశాలను చూసి, ఇదేం పాలన, విచారణ లేకుండా ఉద్యోగులను ఇంటికి పంపడం నియంతృత్వం కదా అని విమర్శించినవారు ఉన్నారు. నాకు ఆ విమర్శలో సగం న్యాయమే కనిపిస్తుంది. సస్పెన్షన్ అనేది శిక్ష కాదు. దాని తరువాత అభియోగపత్రం, సంజాయిషీ, విచారణ ఉంటాయి. అవేవీ చిత్రం చూపించలేదన్నది నిజం. అయినా ఆ తొందరపాటులోనూ ఒక మర్యాద ఉంది. ప్రతి ఉత్తర్వుకూ ఒక కాగితం ఉంది, దాని మీద ఒక పేరు, ఒక తేదీ, ఒక సంతకం ఉన్నాయి. అన్యాయం జరిగిందనుకున్న ఉద్యోగి ఆ కాగితం పట్టుకుని మర్నాడే ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. కోర్టులో రికార్డుకు ఎక్కనిది జరగనట్టే లెక్క అని నాన్న తరచూ అంటుండేవారు. ఒక్కరోజు ముఖ్యమంత్రి చేసిన ప్రతి పనీ రికార్డుకు ఎక్కింది. ఎన్నికల్లో గెలిచి అసలు ముఖ్యమంత్రి అయ్యాక అతనే చేసిన అతి పెద్ద పని మాత్రం రికార్డుకు ఎక్కలేదు. పైగా దానికి బదులు ఒక అబద్ధం ఎక్కింది.

ఇక్కడ శంకర్ చిత్రాలను వరుసలో పెట్టి చూస్తే ఒక జారుడు కనిపిస్తుంది. 1993లో వచ్చిన ‘జెంటిల్‌మన్’లో ఇదే అర్జున్ దొంగతనాలు చేస్తాడు. కానీ పట్టుబడి కోర్టులో నిలబడి, తన కథ చెప్పుకుని, జైలుకు వెళతాడు. 1996 నాటి ‘ఇండియన్’లో, మన ‘భారతీయుడు’లో, సేనాపతి లంచగొండులను చంపుతాడు, చివరికి లంచం తిని పిల్లల చావుకు కారణమైన కన్నకొడుకునూ వదలడు, ఆ తరువాత చట్టానికి దొరకకుండా దేశం దాటిపోతాడు. మొదటివాడు చట్టాన్ని ఉల్లంఘించి మూల్యం చెల్లించాడు. రెండోవాడు చెల్లించలేదు గాని, తాను హంతకుడినని ఎక్కడా దాచలేదు. చేసిన హత్యను టీవీలో ప్రపంచానికి చూపించాడు కూడా. మూడోవాడైన పుగళేంది చట్టాన్ని చేతిలో ఉంచుకుని, ఆ చట్టం చేతే చంపించి, తాను బాధితుడిగా నిలబడ్డాడు. మూడు చిత్రాల్లోనూ మనం కొట్టిన చప్పట్లు ఒకటే. ఆ చప్పట్లు దేనికి పడుతున్నాయో మాత్రం చిత్రం చిత్రానికీ మారిపోయింది.

ఈ ముగింపును సమర్థించేవారి వాదన నాకు తెలుసు, దాన్ని తేలికగా తీసిపారేయను. అరంగనాథర్‌ను ఒకసారి అరెస్టు చేస్తే బయటికొచ్చాడు, బాంబులు పెట్టించాడు, కన్నతల్లినీ తండ్రినీ పొట్టన పెట్టుకున్నాడు, ఇంకా ఎంతమందిని చంపేవాడో తెలియదు, వ్యవస్థ చేతులెత్తేసినప్పుడు మనిషి ఇంకేం చేస్తాడు అని వాళ్లు అడుగుతారు. తల్లిదండ్రుల శవాల ముందు నిలబడ్డ కొడుకుగా పుగళేంది కోపాన్ని నేను అర్థం చేసుకోగలను. కానీ వ్యవస్థ చేతులెత్తేసిందనే మాట ఈ కథకు అన్వయించదు. ఎందుకంటే ఆ సమయానికి వ్యవస్థ పుగళేందే. పోలీసు శాఖ అతని కింద ఉంది. మంచి ప్రభుత్వ న్యాయవాదిని నియమించే అధికారం అతనికి ఉంది. సాక్షులకు రక్షణ కల్పించడమూ అతని చేతిలో పనే. బాంబు కేసు దర్యాప్తు ఎలా సాగిందో చిత్రం మనకు చూపనే లేదు. ఒక్కరోజులో వందల ఉత్తర్వులు ఇవ్వగలిగిన మనిషికి, పూర్తికాలపు అధికారం చేతికొచ్చాక ఒక్క కేసు నిరూపించడం అసాధ్యమని నమ్మమంటే నమ్మలేను. నిరుపాయుడైన పేదవాడు కత్తి పట్టడం వేరు, రాష్ట్ర యంత్రాంగమంతా గుప్పిట్లో ఉన్నవాడు నాటకమాడి చంపించడం వేరు.

పైగా భద్రతా సిబ్బంది సంగతి ఎవరూ తలచుకోరు. ఆ గదిలోకి దూసుకొచ్చినవాళ్లు తమ కర్తవ్యం చేశామని నమ్మి ఇంటికి వెళ్లారు. తాము కాల్చింది ఒక హంతకుడినని భార్యాపిల్లలకు చెప్పుకుని ఉంటారు. తమకు తెలియకుండానే ఒక హత్యకు వాళ్లు ఆయుధాలయ్యారు. చేతుల మీద నెత్తురు వాళ్లది, పథకం ముఖ్యమంత్రిది. కింది ఉద్యోగి చేత తప్పుడు పని చేయించి తాను మచ్చ లేకుండా ఉండే పెద్దమనిషి తీరును బయటపెట్టడానికే కదా ఆ మొదటి ఇంటర్వ్యూ జరిగింది!

నాన్న ప్రశ్నకు జవాబు వెతికితే మరికొన్ని సంగతులు బయటపడతాయి. తుపాకీని దగ్గరగా పెట్టి కాల్చుకుంటే గాయం చుట్టూ మసి, కాలిన మందు రవ్వల మచ్చలు పడతాయి. గదికి అవతలి వైపు నుంచి వచ్చిన గుండుకు అవి ఉండవు. పుగళేంది చేతికి కట్టు కట్టిన డాక్టరు ఆ మచ్చలు చూసే ఉండాలి. తుపాకీ మీద ఇద్దరి వేలిముద్రలూ ఉంటాయి. ముఖ్యమంత్రి గదిలోకి వచ్చే సందర్శకుడిని వాకిట్లో తనిఖీ చేశారా, చేస్తే ఆ ఆయుధం లోపలికి ఎలా వచ్చింది? నిజాయతీగల ఒక సబ్‌ఇన్‌స్పెక్టరు సీను పంచనామా రాస్తే చాలు, ఆ కట్టుకథ సాయంత్రానికి నిలవదు. అది నిలిచిందంటే ఆ రాష్ట్రంలో నిజాయతీగల సబ్‌ఇన్‌స్పెక్టరు లేడనైనా అనుకోవాలి, ఉన్నా ముఖ్యమంత్రి గదిలోకి అడుగుపెట్టే ధైర్యం చేయలేదనైనా అనుకోవాలి. పుగళేంది పాలనలో రాష్ట్రం బాగుపడిందని చెప్పే ఆఖరి దృశ్యాలను నేను నమ్మలేకపోవడానికి కారణం ఇదే.

మన తెలుగు నేలకు ఈ ముగింపు కొత్తదేమీ కాదు. పోలీసులు లొంగిపొమ్మన్నారు, వాళ్లు కాల్పులు జరిపారు, ఆత్మరక్షణ కోసం ఎదురుకాల్పులు జరిపితే వాళ్లు చనిపోయారు అన్న కథనం, పేర్లూ ఊళ్లూ మాత్రమే మారుతూ, దశాబ్దాల తరబడి మన పత్రికల్లో అచ్చయింది. ఆంధ్రప్రదేశ్‌లో జరిగిన అలాంటి మరణాలపై పౌరహక్కుల సంఘం చేసిన ఫిర్యాదును విచారించాకే జాతీయ మానవ హక్కుల కమిషన్ ఎన్‌కౌంటర్ మరణాల విషయంలో పాటించవలసిన పద్ధతిని నిర్దేశించింది. కమిషన్ అధ్యక్షుడు జస్టిస్ ఎం.ఎన్. వెంకటాచలయ్య 1997 మార్చిలో ఆ పద్ధతిని పాటించమని రాష్ట్రాలకు లేఖ రాశారు. ఆ లేఖ ముఖ్యమంత్రులను ఉద్దేశించినది. ‘ముదల్వన్’ విడుదలకు అప్పటికి ఇంకా రెండేళ్లకు పైగా ఉంది. పుగళేంది నిజంగా ముఖ్యమంత్రే అయి ఉంటే, ఆ లేఖ అతని కార్యాలయపు ఫైళ్లలో ఎక్కడో ఉండేది.

ఇక 2019 డిసెంబరు 6 ఉదయం సంగతి. దిశ కేసులో నిందితులైన నలుగురూ షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లి వద్ద పోలీసు కాల్పుల్లో చనిపోయారు. నిందితులు తుపాకులు లాక్కుని తమపై కాల్పులు జరిపారని పోలీసులు చెప్పారు. జనం అక్కడికి చేరి పోలీసుల మీద పూలు చల్లారు. ఆ యువతికి జరిగిన ఘోరం తలచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది. ఆ రోజు పూలు చల్లినవాళ్లను నేను తప్పుపట్టలేను, వాళ్లలో నా స్నేహితులూ ఉన్నారు. కానీ సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ వి.ఎస్. సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022లో బయటికి వచ్చినప్పుడు, నిందితులు తుపాకులు లాక్కున్నారన్న కథనం నమ్మదగినది కాదనీ, చంపే ఉద్దేశంతోనే కాల్పులు జరిగాయనీ, చనిపోయినవారిలో ముగ్గురు మైనర్లనీ, పదిమంది పోలీసులపై హత్యానేరం కింద విచారణ జరపాలనీ కమిషన్ చెప్పింది. ఆ నివేదిక గురించి చదువుతుంటే నాకు అరంగనాథర్ చేతిలో పడ్డ తుపాకీ గుర్తుకొచ్చింది. చనిపోయినవాడి చేతిలో ఆయుధం ఉందని చెప్పే కథకు మనం చప్పట్లు కొట్టడం 1999 నాటికే హాల్లో నేర్చుకుని ఉన్నాం. ఒక్క సినిమా వల్లే జనం అలా మారారని నేను అనను. ఆ కథ అప్పటికే మనలో ఉంది, సినిమా దానికి అర్జున్ ముఖం ఇచ్చింది, అంతే.

అలాగని దర్శకుడికి ఇది తెలియదని కూడా అనలేను. తెలియకపోతే మాయాకృష్ణన్ ముందు ఆ చివరి మాట పుగళేంది చేత పలికించేవాడు కాదు. తాను గెలవలేదని, తాను ఎవరిని ద్వేషించాడో వాళ్లలో ఒకడిగా మారిపోయానని పుగళేందికి తెలుసు. చిత్రం అక్కడ, ఆ మాట మీద, ఆ గదిలోనే ఆగిపోయి ఉంటే అది తమిళ సినిమాలో ఒక గొప్ప విషాదాంతంగా నిలిచి ఉండేదని నా నమ్మకం. అవినీతితో పోరాడి గెలిచినవాడు, గెలిచిన తీరులోనే ఓడిపోయాడన్న చేదు నిజం ప్రేక్షకుడి వెంట ఇంటిదాకా వచ్చేది. చిత్రం ఆగలేదు. ఆ మాటను ఒక నిట్టూర్పుగా దాటించేసి పెళ్లి వైపు, అభివృద్ధి వైపు పరిగెత్తింది. ఒప్పుకోలు ఉంది, ప్రాయశ్చిత్తం లేదు. చిత్రం మొదటి సగం నేర్పిన నీతినే పాటిస్తే, పుగళేంది మర్నాడు అదే స్టూడియోకు వెళ్లి, అరంగనాథర్ కూర్చున్న కుర్చీలోనే కూర్చుని, ప్రశ్నలు వేయమని తన స్థానంలోకి వచ్చిన కొత్త కుర్రాడిని అడగాలి. ఆ ఇంటర్వ్యూ లేనందువల్ల మొదటి ఇంటర్వ్యూ కూడా నా దృష్టిలో కొంత విలువ కోల్పోయింది.

ఈ మధ్యనే, పదవీ విరమణ చేసి ఎన్నో ఏళ్లయిన నాన్నతో కలిసి ఈ చిత్రాన్ని టీవీలో మళ్లీ చూశాను. ఈసారి నా చూపంతా మాయాకృష్ణన్ మీదే ఉంది. మణివణ్ణన్ పోషించిన ఆ పాత్ర అరంగనాథర్ దగ్గరా పనిచేసింది, పుగళేంది దగ్గరా పనిచేసింది. ముఖ్యమంత్రులు మారినా కార్యాలయంలో మిగిలేది అతనే. పాత ముఖ్యమంత్రి రహస్యాలు మోశాడు, ఇప్పుడు కొత్త ముఖ్యమంత్రి రహస్యం మోస్తున్నాడు. అతణ్ణి చూస్తుంటే నాకు ఈ చిత్రం పుట్టిన తమిళనాడులోనే ఉన్న సాత్తాన్‌కుళం గుర్తుకొచ్చింది. 2020 జూన్‌లో, లాక్‌డౌన్ వేళ దాటాక సెల్‌ఫోన్ దుకాణం తెరిచి ఉంచారన్న ఆరోపణతో తీసుకెళ్లిన తండ్రీకొడుకులు అక్కడి పోలీస్ స్టేషన్‌లో చిత్రహింసలకు గురై ప్రాణాలు కోల్పోయారు. స్టేషన్ కెమెరాల దృశ్యాలు ఏ రోజువి ఆ రోజే చెరిగిపోయేలా అమర్చి ఉన్నాయని విచారణకు వెళ్లిన మేజిస్ట్రేటు హైకోర్టుకు నివేదించారు. రికార్డు లేదు. కానీ ఆ స్టేషన్‌లోనే పనిచేసే ఒక మహిళా హెడ్ కానిస్టేబుల్, తన పై అధికారులు పక్కనే ఉండగా, ఆ రాత్రి ఏం జరిగిందో మేజిస్ట్రేటుకు వాంగ్మూలం ఇచ్చింది. ఆమెకు పాటలు లేవు, ఫైట్లు లేవు. నేను చూడాలనుకున్న ముగింపు ఆమె చేసి చూపించింది.

ఈ మాట నాన్నతో అన్నాను. ఆయన కళ్లజోడు తీసి పంచె అంచుతో తుడుచుకుంటూ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత తెర మీద పేర్లు పడుతుండగా, “ఛార్జిషీటు వేస్తే మాత్రం పి.డబ్ల్యు. ఒకటి, అంటే ప్రాసిక్యూషన్ తరఫు మొదటి సాక్షి, ఆ కార్యదర్శే అవ్వాలిరా. సమన్లు పంపారంటావా?” అని అడిగారు.